కొడవలి చీమలు

దినం అయిన మర్నాడే బొజ్జిరెడ్డి పనిలోకి వచ్చాడు.

గేటు దగ్గర జీపు తుడుస్తున్న డ్రైవరు సత్తిబాబు అతన్ని చూసి చేతిలో గుడ్డ జారవిడిచాడు.

"అప్పుడే వచ్చేశావేంటి బాబాయ్? ఇంకో వారం ఇంటికాడ ఉండొచ్చు కదా."

"ఇంటికాడ ఎవరున్నారని?"

సత్తిబాబు వంగి గుడ్డ తీసుకున్నాడు. బొజ్జిరెడ్డి జీపు వైపు కన్నెత్తి చూడకుండా లోపలికి నడిచాడు.

పని మీద ప్రేమతో రాలేదు అతను. భార్య చెల్లాయమ్మ పోయిన రోజు నుంచీ ప్రయోగశాల గాజుగదిలో చీమలు తిండి మానేశాయనీ, రోజుకి పదీ ఇరవై చొప్పున రాలిపోతున్నాయనీ విన్నాడు. అవి చావడం కళ్ళారా చూడాలని వచ్చాడు.

చీమల మీద అతనికి పగేమీ లేదు. అసలు వాటిని మొదట చూసినవాడు అతనే.

మారేడుమిల్లి ఘాటు పైన ఆ ప్రయోగశాల కట్టకముందు బొజ్జిరెడ్డి తపసి చెట్ల బంక తీసేవాడు. కొండరెడ్ల ఇంట పుట్టాడు. ఆశ్రమ పాఠశాలలో అయిదో తరగతితో చదువు సరి. కానీ బంక రకాలు విడదీయడంలో చుట్టుపక్కల పదూళ్ళలో అతని కంటికి సాటి లేదు. గడ్డని నాలికకి రాసి, తువ్వాలుతో తుడిచి, ఎండకెత్తి పట్టుకునేవాడు. ఏ చెట్టుదో, ఏ నెలలో కారిందో, లోపల బెరడు ముక్క ఉందో పురుగుందో చెప్పేసేవాడు. ఆ మాట విని, పురుగుల మీద పరిశోధన చేసే డాక్టర్ ప్రసూన ఒకనాడు సంచీతో వాళ్ళ గుమ్మంలో దిగింది. సంచీ నిండా తేనె రంగు రాళ్ళు.

"ఇదీ చెట్టు బంకే బొజ్జిరెడ్డిగారూ. బర్మా కొండల్లో దొరికింది. పది కోట్ల ఏళ్ళ కిందట కారి, గట్టిపడి రాయైపోయింది."

అతను ఒక రాయి తీసి నాలికకి రాశాడు. "అయ్యో, నోట్లో పెట్టకండి!" అని ఆవిడ కేక వేసేలోపే తుడిచి ఎండకెత్తాడు. వరసగా ముప్ఫై రాళ్ళు చూసి పక్కన పడేశాడు. ఆ తరవాతి రాయిని మాత్రం దించలేదు.

"ఇందులో చీమ ఉందండి. మన చీమ కాదు."

"కాదని ఎలా చెప్పగలరు?"

"మన చీమ పక్కల నుంచి కరుస్తాది. దీని పళ్ళు కొడవళ్ళలాగా కింద నుంచి పైకి లేచున్నాయి. నుదుటి మీద కొమ్ముంది. కొడవలెత్తి కొమ్ముకేసి కొడతాదన్నమాట. మజ్జెన పురుగు పడిందంటే ఇంక లేవదు."

ప్రసూన అరుగు మీద కూలబడింది. "ఈ చీమల తెగ మొత్తం నశించిపోయింది. భూమ్మీద ఇప్పుడు ఒక్కటి కూడా లేదు. అవి ఎలా కరిచేవో తేల్చడానికి మా చదువుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారండీ. మీరు ఎండలో చూసి చెప్పేశారు."

"కొడవలి చీమ," అన్నాడు బొజ్జిరెడ్డి. ప్రయోగశాలలో ఆ పేరే ఖాయమైంది.

బంకలో చిక్కిన చీమకి మళ్ళీ ప్రాణం పోయడానికి లోపల ఏమీ మిగలదు. మిగిలేది ఆకారం ఒక్కటే. ప్రసూన ఆ ఆకారాన్నే పట్టుకుంది. బతికున్న చీమల గుడ్లు తీసి, దవడల్ని మలిచే జన్యువుల్ని ఒక్కొక్కటే సవరించేది. పుట్టినవాటిని రాతిలోని చీమ పక్కన పెట్టి పోల్చేది. దగ్గరగా వచ్చినవాటినే మిగుల్చుకునేది. ఏళ్ళు గడిచాయి. ఆవిడ జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు మందమయ్యాయి. పెళ్ళి ఊసే ఎత్తలేదు. పదకొండో తరంలో కొడవళ్ళు పైకి తిరిగాయి.

నువ్వుగింజంత ప్రాణి కోసం ఒక మనిషి అంతలా అరిగిపోవడం బొజ్జిరెడ్డి దగ్గరుండి చూశాడు. ఆ సంగతి ఇప్పటికీ కాదనలేడు. అదే అతనికి మరీ మంటగా ఉంది.

చీమలు పుట్టాయి గాని బతకలేదు. ఏం పెట్టినా ముట్టలేదు. మూడు పుట్టలు ఆకలితో పోయాయి. అప్పుడు ఊడ్చే పనికని వచ్చింది చెల్లాయమ్మ.

"నన్నోసారి పెట్టనివ్వండమ్మా," అంది ప్రసూనతో. ఉసిళ్ళు వేయించి దంచి, తెల్లపురుగులు నలిపి, తేనె పోసి, అడ్డాకులో ముద్ద కలిపి గాజుగది కిటికీలోంచి పెట్టింది. మూడు రోజులు చూశాయి. నాలుగో రోజు తిన్నాయి. ఆ ఏడాదే నాలుగో పుట్ట రెండు వందలు దాటింది. రాణి గుడ్లు పెట్టింది. పది కోట్ల ఏళ్ళ తరవాత ఆ తెగ మళ్ళీ వేటాడింది.

ఆ వేట చూడాల్సిందే. కొడవలి చీమ మన చీమల్లా వరస కట్టదు. ఒంటరిగా వెళుతుంది. కొడవళ్ళు తెరిచి, రాయిలాగా నిలబడిపోతుంది. పురుగు వచ్చి మీసానికి తగలాలి. అంతే, టక్కున ఒక చప్పుడు. కంటికి ఏమీ కనిపించదు. చూసేసరికి పురుగు కొమ్ముకి గుచ్చుకుని ఉంటుంది. దొరికినదాన్ని అది తను తినదు. పిల్లల దగ్గరికి మోసుకుపోతుంది. గురి తప్పితే ఇంకో పూట అలాగే నిలబడుతుంది గాని వెతుక్కుంటూ తిరగదు. మొదటిసారి చూసినప్పుడు బొజ్జిరెడ్డి, "దీనికున్న ఓపిక మనిషికుంటేనా!" అన్నాడు.

"నీకసలు లేదులే," అంది చెల్లాయమ్మ, నిప్పున్న కొస లోపలికి పెట్టుకున్న అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీయకుండానే.

గాజుగది కిటికీలో చెయ్యి పెట్టేవాళ్ళు రబ్బరు తొడుగులు వేసుకోవాలన్నది ప్రసూన పెట్టిన మొదటి నియమం. మనిషి వాసన చీమలకి అంటకూడదు. వాటి నడవడి వాటిదిగానే ఉండాలి, అప్పుడే ఇది పాతకాలపు చీమ అని ఆవిడ లోకానికి చెప్పగలదు. ఒకరోజు బొజ్జిరెడ్డి తలుపు తోసుకుని వచ్చేసరికి చెల్లాయమ్మ వట్టి చేత్తో ముద్ద పిసుకుతోంది. తొడుగులు నడుముకి దోపుకుని ఉన్నాయి.

"ఏమేవ్, అమ్మగోరు చూసిందంటే?"

"తొడుగేసుకుని కలిపితే పిండి బిగిసిందో లేదో ఏం తెలుస్తాది మావా? పసిగుడ్లు తినే కూడు. చేతికి తెలియాల కదా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి రోజు నుంచీ," అని నవ్వింది. "నువ్వు చెప్పకు."

అతను చెప్పలేదు. మూడేళ్ళు చెప్పలేదు. ప్రసూన మాత్రం, పదకొండో తరంలో పాత చీమ స్వభావం దానంతటదే మేల్కొందని రాసింది. దేశాలు మెచ్చుకున్నాయి.

ఆ తరవాత చెల్లాయమ్మకి జ్వరం వచ్చింది.

కొండల్లో జ్వరం కొత్త కాదు. "రెండు రోజుల్లో తగ్గిపోద్ది," అంది తనే. మూడో రోజు పొద్దున కళ్ళు తేలేసింది. బొజ్జిరెడ్డి పరుగున ప్రయోగశాలకి వచ్చాడు. ఊరికి అంబులెన్సు రావాలంటే కింద నుంచి రావాలి. జీపు ఎదురుగా ఉంది. అందులోకి చీమల గుడ్ల పెట్టె ఎక్కిస్తున్నారు. విమానానికి అందాలి, పెట్టెలో చల్లదనం మధ్యాహ్నం దాకానే ఉంటుంది.

"మామూలు జ్వరమే కదా బొజ్జిరెడ్డిగారూ. సత్తిబాబు దింపేసి పన్నెండింటికల్లా వచ్చేస్తాడు. అప్పుడు తీసుకెళ్దాం," అంది ప్రసూన, పెట్టె మీద నుంచి కళ్ళు ఎత్తకుండా.

పన్నెండుకి జీపు వచ్చింది. ఘాటు రోడ్డు సగం దిగేసరికి చెల్లాయమ్మ పోయింది. గుడ్లు మాత్రం విమానం అందుకున్నాయి.

ఇదంతా అతని కడుపులో ఉంది. అది పెట్టుకునే ఇప్పుడు గాజుగది ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చచ్చినవాటిని పొద్దున్నే లెక్క రాయడం అతని పని. అతను వచ్చిన రోజుకి బతికున్నవి నూట నలభై. వారంలో అరవై అయ్యాయి. ఇరవై మూడో రోజుకి రాణి కాక పంతొమ్మిది.

ప్రసూన తిండి మార్చి చూసింది, వేడి మార్చింది, వెలుతురు మార్చింది. ఆవిడే తొడుగులు వేసుకుని ఉసిళ్ళ ముద్ద పెట్టింది. చీమ వచ్చేది. మీసాలతో తడిమేది. వెనక్కి తిరిగి, మురికి తగిలినట్టు కొడవళ్ళని కొమ్ముకేసి రాసుకుని తుడుచుకునేది. గుడ్లని తిన్నాయి, కడుపు కాలి. ముద్దని మాత్రం తినలేదు.

"ఎందుకు తినడం లేదో అర్థం కావడం లేదు," అంది ప్రసూన. నిద్ర లేక ఆవిడ మొహం పీక్కుపోయింది. "మీకేమైనా తోస్తోందా?"

ఏ చీమల పుట్టకైనా ఒకే వాసన ఉంటుంది. ఆ వాసన ఉన్నవాళ్ళే ఇంటివాళ్ళు. ఆ సంగతి ఆవిడే ఒకప్పుడు అతనికి చెప్పింది. ఈ పుట్టకి ఇంటివాసన ఎవరిదో అతనికి తెలుసు.

"నాకేం తెలుస్తాదండి," అన్నాడు.

ఆ మాట అన్నాక కొంచెం సుఖంగా అనిపించింది. పదేళ్ళ కష్టం కళ్ళముందు పోతుంటే ఆవిడా ఏమీ చేయలేక నిలబడాలి. అతను నిలబడ్డాడు కదా.

ఇంట్లో ఒక రేకు డబ్బా ఉంది. మంచి రకం బంక నమూనాలకి గాలి తగలకుండా మైనం పోసి మూసే డబ్బా. చెల్లాయమ్మ తలకి చుట్టుకునే తువ్వాలు, జ్వరంలో తడిసినది తడిసినట్టు, అందులో పెట్టి మూసేశాడు. ఇప్పటికి రెండుసార్లు తెరిచాడు. ఇప్పనూనె, చుట్టపొగ, చెమట. తెరిచినప్పుడల్లా కొంత పోతుందని అతనికి తెలుసు. అందుకే చెయ్యి పెట్టి ఒక్కసారి ముట్టుకుని, మళ్ళీ మైనం పోసేవాడు.

ఇరవై నాలుగో రోజు పొద్దున్న మూడోసారి తెరిచాడు. అటునుంచి అటే పనికి వచ్చాడు. ఏడయింది. చెల్లాయమ్మ ముద్ద పెట్టే వేళ. ఆ వేళకి చీమలు కిటికీ జల్లెడ దగ్గరికి రావడం అతను రోజూ చూస్తున్నదే. వచ్చి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయేవి. ఆ రోజు స్టూలు జరుపుకోవడానికి అతను జల్లెడ మీద చెయ్యి ఆనించాడు.

పంతొమ్మిదీ వచ్చాయి. పరుగున వచ్చాయి. వరస ఎరగని తెగ, ఒకదాని మీద ఒకటి ఎక్కి, జల్లెడ కంతల్లోంచి మీసాలు బయటికి చాపి అతని వేళ్ళని తడిమాయి. కొడవళ్ళు పూర్తిగా దించేసి ఉన్నాయి. పిల్లలకి తిండి అందుకునేటప్పుడు తప్ప అవి అలా దించవు.

బొజ్జిరెడ్డి నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. పంపు దగ్గరికి వెళ్ళి, నీళ్ళు తిప్పి, చెయ్యి కింద పెట్టకుండా అలాగే నిలబడ్డాడు. పంపు కట్టేసి తిరిగి వచ్చాడు.

పద్దెనిమిది వెనక్కి వెళ్ళిపోయాయి. ఒకటి అక్కడే ఉంది. అతని వేలు తగిలిన కంత దగ్గర, కొడవళ్ళు దించుకుని, రాయిలాగా. మధ్యాహ్నం అతను సద్దిమూట విప్పుకున్నప్పుడూ అక్కడే ఉంది. ప్రసూన తొడుగు వేసుకుని దాని ముందే ముద్ద పెట్టింది. అది మొహం తిప్పలేదు, ముట్టలేదు. నాలుగు గంటలకి అతను జల్లెడ మీద చిన్నగా ఊదాడు. రాలి కింద పడింది. ఎప్పుడు పోయిందో మరి, నిలబడే పోయింది.

అతను దాన్ని అరచేతిలో వేసుకుని ఎండకెత్తి చూశాడు. ఇంకో చేతి కూడు ముట్టనన్నది. ముట్టలేదు. ఇన్నాళ్ళూ తను మొండివాణ్ణని అనుకున్నాడు. గింజంత లేని ఈ జీవం ముందు అతని మొండితనం ఏపాటిది? తను రోజూ మూడు పూటలా తింటూనే ఉన్నాడు.

లేచి ప్రసూన గదిలోకి వెళ్ళాడు.

"చెల్లాయమ్మ తొడుగులు వేసుకునేది కాదండి," అన్నాడు నిలబడే. "మొదటి రోజు నుంచీ. వట్టి చేత్తోనే కలిపేది. వాటికి దాని చెయ్యే ఇల్లు. మీరు పెట్టేది వాటికి కూడు కాదు."

ప్రసూన కుర్చీలోంచి లేచింది. "అయితే, స్వభావం మేల్కొందని నేను రాసిందంతా..."

"మా ఆడది పెట్టింది. తిన్నాయి. అంతే."

"మీకు ముందే తెలుసు."

"తెలుసు."

"ఇన్ని రోజులూ చూస్తూ కూర్చున్నారు."

"మీరు నేర్పిందే కదండీ," అన్నాడు.

ఆవిడ మొహం పాలిపోయింది. "ఆ రోజు జీపు..." అని మొదలుపెట్టింది.

"ఆ మాట ఎత్తకండి," అన్నాడు బొజ్జిరెడ్డి. "దాని గురించి రాలేదు నేను. మీ యంత్రం ఉంది కదా, రాతి బంకలోంచి పాత వాసనలు లాగేది. గుడ్డలోంచి లాగుతాదా?"

ప్రసూన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అబద్ధం చెబితే పని సులువు. ఆవిడ చెప్పలేదు, ఆ ఒక్కటీ అతను తరవాత కూడా ఒప్పుకున్నాడు.

"లాగుతుంది. కానీ ముందు మందులో నానబెట్టి ఉడికించాలి. మన ముక్కుకి తెలిసే వాసనలు, నూనె, పొగ, అలాంటివి పొట్టులా తీసి పారేస్తుంది. చర్మం నుంచి వచ్చేవి కొన్ని ఉంటాయి, మనకి తెలియవు, చీమలకే తెలుస్తాయి. అవి మాత్రమే మిగులుస్తుంది. వాటిని చదివితే తరవాత ఎంత కావాలంటే అంత చేసుకోవచ్చు. చీమలు బతుకుతాయి." ఆగింది. "మీకు మాత్రం గుడ్డలో ఏమీ మిగలదు బొజ్జిరెడ్డిగారూ. ఇమ్మని నేను అడగను. అడిగే హక్కు నాకు లేదు."

"లేదు," అన్నాడు అతను. ఇంటికి వెళ్ళి డబ్బా తెచ్చాడు.

మైనం తనే గీకాడు. మూత తీశాక మొహం దగ్గర పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఇవ్వలేడని తెలుసు. తలుపు దగ్గర సత్తిబాబు నిలబడి గట్టిగా ముక్కు చీదాడు. "నువ్వు అవతలికి పోరా," అన్నాడు బొజ్జిరెడ్డి.

యంత్రం గుడ్డని మింగింది. రాత్రంతా తిరిగిందట, అతను ఇంటికి వెళ్ళి పడుకున్నాడు. పొద్దున ఏడింటికి వచ్చేసరికి బల్ల మీద గాజుసీసా ఉంది. అడుగున నాలుగు చుక్కలు, నీళ్ళలా. మూత తీసి వాసన చూశాడు. ఏమీ లేదు. పక్కనే మడతపెట్టిన తువ్వాలు, కొత్తదానిలా తెల్లగా. దానిలోనూ ఏమీ లేదు.

పదహారు చీమలు మిగిలాయి. రాణి పొట్ట ముడుచుకుని ఒక పక్కకి ఒరిగి ఉంది.

ప్రసూన తొడుగులు అందుకోబోయింది. బొజ్జిరెడ్డి అడ్డం వచ్చాడు. అడ్డాకు పరిచి, ఉసిళ్ళ పిండి పోసి, తేనె వేసి, ఒక చుక్క అరచేతిలో రాసుకుని వట్టి చేత్తో పిసికాడు. పిండి ఎప్పుడు బిగిసిందో నిజంగానే చేతికి తెలిసింది. కిటికీ ఎత్తి చెయ్యి లోపల పెట్టాడు.

"కొడితే వేలు చీలిపోతుంది," అంది ప్రసూన మెల్లగా.

"కొట్టనివ్వండి."

ముందొకటి వచ్చింది. కొడవళ్ళు బారుగా తెరిచి, అతని చూపుడువేలికి ఎదురుగా ఆగింది. వేటకి నిలబడినట్టే నిలబడింది. మీసం వేలికి తగిలింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. కొడవళ్ళు నెమ్మదిగా కిందికి దిగాయి. అది అతని వేలెక్కి, ముద్దలోంచి ఒక నలుసు తీసుకుని, తను తినకుండా దిగి, నేరుగా రాణి దగ్గరికి నడిచింది. కాళ్ళు తూలుతున్నాయి. మధ్యలో రెండుసార్లు ఆగింది. నలుసు మాత్రం వదల్లేదు.

రాణి తిన్నది. ఆ తరవాతే మిగిలినవి వచ్చాయి.

బొజ్జిరెడ్డి చెయ్యి తీయలేదు. పదహారూ అతని అరచేతి గీతల్లో తిరిగాయి. వాటికి అక్కడ అతను లేడు. మూడేళ్ళు అన్నం పెట్టిన మనిషి ఉంది. తన ముక్కుకి అందని మనిషి వాటికి నిక్షేపంగా అందుతోంది. పది కోట్ల ఏళ్ళు మట్టిలో ఉండి వచ్చినా ఎవరి చెయ్యో ఏమరని తెగ. అతనికి ఏడుపు రాలేదు. ఎంత శుద్ధంగా చేస్తున్నాయి పని, అనుకున్నాడు.

ప్రసూన గాజుకి ఆనుకుని ఏడుస్తోంది. "ఈ పుట్టకి చెల్లాయమ్మ పేరు పెడతాను. రాసిందంతా సరిచేసి, ఆవిడ చేత్తో పెట్టిందని లోకానికి చెబుతాను."

"సరిచెయ్యండి, అది మీ పని. పేరు అక్కర్లేదు," అన్నాడు బొజ్జిరెడ్డి. "ఆ రోజు జీపు ఇచ్చుంటే చాలును."

ఆవిడ తల వంచుకుంది. అతను కిటికీ దించి, తెల్ల తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"రేపు ఏడింటికి వస్తాను. ఆ తొడుగులు అవతల పారేయించండి."

గేటు దగ్గర సత్తిబాబు జీపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కు బాబాయ్, దింపేస్తాను."

"నడిచిపోతా."

ఊరికి అడ్డదారిలో ఏరు ఒకటి ఉంది. వానలకి నడుము లోతు పారుతోంది. బొజ్జిరెడ్డి చెప్పులు విప్పి తువ్వాల్లో చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. ఎడమ చేత్తో పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. కుడిచేతిని తడి తగలకుండా పైకెత్తి పట్టుకుని, అవతలి ఒడ్డు దాకా అలాగే నడిచాడు.